గొంతు గుర్తింపు: ఐదు అపోహలు, అసలు సంగతులు

అపోహ: మన మాట అర్థం చేసుకునే యాప్ మనిషినీ గుర్తుపడుతుంది.
వాస్తవం: రెండూ వేరు పనులు. తెలుగులో చెబితే టైపు చేసే యాప్‌కి ఆ మాట అన్నది ఎవరైనా ఒకటే.

అపోహ: గొంతు కూడా వేలిముద్ర లాంటిదే, ఒకరిది ఇంకొకరికి రాదు.
వాస్తవం: గొంతు జలుబుకి, వయసుకి, అలసటకి మారిపోతుంది. అందుకే యంత్రం ‘ఔను, కాదు’ అనదు, మార్కు వేస్తుంది. మాటను కొన్ని వందల అంకెల వరుసగా మార్చి, మొదట గొంతు నమోదు చేసిన నాటి వరుసతో పోలుస్తుంది. పాస్ మార్కు పెట్టాల్సింది ఈ ఏర్పాటు నడిపే మనమే. పెంచితే జలుబు చేసిన అసలు మనిషి బయట నిలబడతాడు, తగ్గిస్తే అన్న ఖాతాలోకి తమ్ముడు దూరతాడు. 2017లో బ్రిటన్‌లో ఒక బీబీసీ విలేకరి కవల సోదరుడు, గొంతు అనుకరిస్తూ పలుమార్లు ప్రయత్నించి, ఆ విలేకరి బ్యాంకు ఖాతాలోకి ఫోన్‌లోనే వెళ్లగలిగాడు. మూడుసార్లు తప్పితే ఆపేసే నియమం తప్పనిసరిగా పెట్టండి.

పాస్ మార్కును కంపెనీ ఇచ్చినట్టే వదిలేయకండి. గొంతులు పోల్చే ప్రోగ్రాములు (మోడళ్లు) ఎక్కువగా ఇంగ్లిష్ గొంతులతో నేర్చుకున్నవి. పరాయివాళ్లను రానిచ్చే తప్పు ఒక శాతంలోపే అని నమ్మకంగా చెప్పాలంటే, పరాయివాళ్లతో వేర్వేరుగా 300 ప్రయత్నాలు చేయించినా ఒక్కటీ లోపలికి పోకూడదు.

అపోహ: మన సీమ యాస దానికి అర్థం కాదు.
వాస్తవం: యాస ప్రభావం కొంత ఉంటుంది, కానీ ఎక్కువ దెబ్బ కొట్టేది మైకు, లైను. మామూలు ఫోన్ లైన్ సెకనుకు 300 నుంచి 3400 కంపనాల (హెర్ట్జ్) శబ్దాన్నే మోస్తుంది. 4జీ వాయిస్ కాల్ 7000 దాకా వెళ్తుంది. ఒకదాంట్లో నమోదు చేసి ఇంకోదాంట్లో పరీక్షిస్తే మార్కు పడిపోతుంది. కడప నుంచి కువైట్ వెళ్లినవాళ్లు వాట్సాప్ కాల్‌లో మాట్లాడితే అదింకో రకం.

నమోదు ఇలా చేయండి. ఫ్యాన్ ఆపి, మైకు జానెడు దూరంలో పెట్టండి. ప్రతిసారీ ఒకే వాక్యం చెప్పించే పద్ధతైతే దాన్ని మూడుసార్లు చెప్పించండి. ఏ మాటైనా సరే అనే పద్ధతైతే మౌనం తీసేశాక 30 నుంచి 60 సెకన్ల మాట మిగలాలి. మరో రోజు, వాడబోయే చోటే ఇంకో నమూనా తీయండి. ఆదోని జిన్నింగ్ మిల్లయితే ఆ మోతలోనే. కర్నూలులో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్ల చేత రెండు భాషల్లోనూ చెప్పించండి.

అపోహ: ఆధార్‌లో గొంతు కూడా ఉంది.
వాస్తవం: లేదు. పది వేళ్లు, రెండు కనుపాపలు, ముఖం, అంతే.

అపోహ: ప్రతిసారీ కొత్త అంకెలు చదివిస్తే మోసం జరగదు.
వాస్తవం: పాత రికార్డింగ్ వినిపించేవాడు మాత్రమే ఆగుతాడు. మూడు సెకన్ల నమూనాతో గొంతును అనుకరించే మోడల్‌ను మైక్రోసాఫ్ట్ 2023 జనవరిలోనే చూపించింది. అంత నమూనా ఒక వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో దొరుకుతుంది. నకిలీని పసిగట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ తాము నేర్చుకోని కొత్త పద్ధతి ఎదురైతే తడబడతాయి. అందుకే డబ్బు బయటికి వెళ్లే పనికి గొంతు ఒక్కటే ఎప్పుడూ చాలదు. రిజిస్టరైన సిమ్, పిన్ కూడా కావాలి.

గొంతు బొంగురుపోయినవాళ్లకు మరో దారి మొదటి రోజే ఏర్పాటు చేయండి. పుట్టిన తేదీ అడిగి వదిలేసే దారి మాత్రం వద్దు, మోసగాడు ముందు వెతికేది దాన్నే.