ముసురు పడితే మళ్లీ లేచే వాసన

మా తాత గొంగడి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పాలమూరు వైపు నేసింది, నల్ల గొర్రె ఉన్నిది. చింతగింజల గంజి పట్టించి నేసినందుకు బిరుసుగా ఉండేది. మొన్న వేసవిలో దాన్ని మడిచి నల్లగొండ ఇంట్లో కిటికీ పక్కన పెట్టాం. వీధిలో తిరిగే గండుపిల్లి ఒకటి లోపలికి వచ్చి దాని మీద పోసి వెళ్లింది. తడిగుడ్డతో తుడిచి రెండు రోజులు ఎండలో వేశాం. వాసన పోయింది. పోయిందనే అనుకున్నాం.

జూన్ చివర్లో ముసురు పట్టింది. రెండో రోజుకే ఆ గదిలో నిలబడలేని కంపు. "ఎండిపోయిన వాసన వానకెట్ల లేచింది?" అని మా అమ్మ అడిగింది. చాలా మంచి ప్రశ్న అది. దానికి జవాబు తెలిస్తే కంపు పోగొట్టే దారి కూడా సగం తెలిసినట్టే.

పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు. అక్కడ నీళ్లు తక్కువ. అందుకే పిల్లి కిడ్నీలు ఒంట్లోని నీటిని గట్టిగా వెనక్కి పట్టుకుంటాయి. మనిషి మూత్రం ఎంత చిక్కబడగలదో, పిల్లి మూత్రం దానికి రెండింతలకు మించి చిక్కబడగలదు. పైగా పిల్లి తినేదంతా మాంసం. మాంసంలోని ప్రోటీన్ విరిగితే మిగిలే నత్రజని యూరియా రూపంలో బయటికి పోవాలి. కాబట్టి ఆ కొద్ది మూత్రంలోనే బోలెడంత యూరియా ఉంటుంది.

యూరియా అంటే మన జిల్లాలో తెలియనివాళ్లు ఎవరుంటారు? సాగర్ ఎడమ కాలువ కింద వరికి చల్లే యూరియా, పిల్లి మూత్రంలోని యూరియా అచ్చంగా ఒకే పదార్థం. 1828లో ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో యూరియా తయారుచేసి చూపించినప్పటి నుంచి ఈ సంగతి లోకానికి తెలుసు. పొడి యూరియాకు వాసన ఉండదు. బస్తా తడిసి కొన్నాళ్లు మూల పడి ఉంటేనే కళ్లు మండే ఘాటు వస్తుంది. మట్టిలో, దుమ్ములో, బట్టలో ఉండే బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమ్‌ను తయారు చేస్తుంది. అది నీటి సాయంతో యూరియాను విరగ్గొట్టి అమోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. చల్లిన ఎరువులో సగం గాలికి పోయిందని రైతు బాధపడేది దీని గురించే.

ఈ యూరియేజ్‌కు సైన్స్ చరిత్రలో పెద్ద చోటే ఉంది. అమెరికాలో జేమ్స్ సమ్నర్ దీన్ని మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన ఒక చిక్కుడు గింజల నుంచి 1926లో స్ఫటికాలుగా విడదీశాడు. ఎంజైమ్‌లు ప్రోటీన్లేనని చూపించిన మొదటి పని అది. పదిహేడేళ్లకే ఎడమ చెయ్యి పోగొట్టుకున్న మనిషి, తొమ్మిదేళ్లు దాని వెంటే పడ్డాడు. 1946లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అయితే అమోనియా ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. అది తేలికైన వాయువు, తలుపులు తీస్తే పోతుంది. పిల్లి కంపును పిల్లి కంపు చేసేది వేరే ఉంది. దాని పేరు ఫెలినిన్. గంధకం ఉన్న అమైనో ఆమ్లం ఇది. పిల్లి మూత్రంలో దీన్ని 1950లలో గుర్తించారు. 2006లో జపాన్‌లో మసావో మియజాకీ బృందం ఇది ఎలా పుడుతుందో తేల్చింది. పిల్లి కిడ్నీలో కాక్సిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది మూత్రంలోకి దిగి, అక్కడ ఒక పెద్ద అణువును కోసి ఫెలినిన్‌ను తయారు చేస్తుంది. విత్తు తీయని గండుపిల్లిలో ఇది చాలా ఎక్కువ.

ఫెలినిన్‌కు కూడా పెద్దగా వాసన లేదు. కానీ అది బట్టలో కూర్చుని రోజుల తరబడి మెల్లగా విరుగుతూ థయాల్స్ అనే గంధకపు వాయువులను వదులుతుంది. ఉల్లిగడ్డ, కుళ్లిన గుడ్డు, వంట గ్యాసుకు కలిపే వాసన, అన్నిటిలోనూ ఉండేది గంధకమే. మన ముక్కు వీటిని ఎంత కొంచెం ఉన్నా పసిగడుతుంది. అందుకే తొంభై తొమ్మిది పాళ్లు కడిగేసినా మిగిలిన ఒక్క పాలు గది నిండా వాసన వేస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్లి కంపుకు కారణం యూరిక్ ఆమ్లపు స్ఫటికాలని చాలాచోట్ల రాస్తుంటారు. నాకు ఆ మాట నిలిచేదిగా కనిపించదు. మనిషికి లేని యూరికేజ్ అనే ఎంజైమ్ పిల్లికి ఉంది. అది యూరిక్ ఆమ్లాన్ని నీళ్లలో సులువుగా కరిగే అల్లాంటోయిన్‌గా మార్చేస్తుంది. యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్లు వాచే జబ్బు మనకు వస్తుంది, దానికి రాదు. వెతకాల్సిన దోషి గంధకం.

ఇదే కుటుంబంలో పెద్దది, నల్లమలలో తిరిగే పులి, ఇంకో దారి పట్టింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ అడవిలో పులి కూడా చెట్ల మీద చిమ్మి తన హద్దు చెప్పుకుంటుంది. ఆ ద్రవంలో బాస్మతి బియ్యానికి సువాసన ఇచ్చే పదార్థమే ఉందని కలకత్తాకు చెందిన రతన్ లాల్ బ్రహ్మచారి, ఆయన సహచరులు 1990లో ప్రకటించారు. పులి హద్దు దగ్గర వండిన అన్నం వాసన! ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు ఆనందంగా ఉన్నాను.

ఇప్పుడు మా అమ్మ ప్రశ్న. ఎండలో వేసినప్పుడు గొంగడిలోంచి పోయింది నీరు మాత్రమే. యూరియా, లవణాలు, ఫెలినిన్ ఉన్నిపోగుల మధ్య ఎండి ఉండిపోయాయి. నీరు లేక బ్యాక్టీరియా పని ఆపింది. ముసురులో గాలి తేమతో నిండింది. యూరియాకూ లవణాలకూ తేమను లాక్కునే గుణం ఉంది. ఉన్నికి ఇంకా ఎక్కువ: తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. నీరు అందగానే ఆగిన పనులన్నీ మళ్లీ మొదలయ్యాయి. వాసన ఎక్కడికీ పోలేదు, వాన కోసం ఆగింది.

కాబట్టి అగరుబత్తి, సెంటు, ఫినాయిల్ వాసన మీద వాసన వేయడమే తప్ప కింద ఉన్నదాన్ని ముట్టవు. పైగా నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ రకపు పదార్థాలు పిల్లికి విషం. మన కాలేయం వాటిని విరిచి బయటికి పంపినట్టు పిల్లి కాలేయం పంపలేదు.

బ్లీచింగ్ పౌడర్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఊళ్లో బావికీ, మోరీకీ చల్లే అలవాటుతో దీన్ని తెచ్చి మూత్రం మరక మీద వేసేవాళ్లున్నారు. దయచేసి వేయకండి. అందులోని క్లోరిన్ పదార్థం అమోనియాతో కలిస్తే క్లోరమైన్లు అనే విషవాయువులు లేస్తాయి. మూసిన గదిలో ఊపిరితిత్తులను కాలుస్తాయవి. దాని మీద బాత్రూం యాసిడ్ కూడా పోస్తే ఏకంగా క్లోరిన్ వాయువే వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

తడి ఆరకముందే చూస్తే పని చాలా తేలిక. పాత నూలు పంచె మడతలు పెట్టి మరక మీద వేసి, ఎక్కి నిలబడాలి. రుద్దొద్దు, రుద్దితే లోపలికి దిగుతుంది. చల్లటి నీళ్లు కొద్దిగా పోసి మళ్లీ అద్దాలి. ఇలా నాలుగైదు సార్లు. వేడినీళ్లు, ఇస్త్రీ పెట్టె వద్దే వద్దు. వేడికి మూత్రంలోని ప్రోటీన్ పోగుకు పట్టేస్తుంది.

పాత మరకకు రెండు పనులు విడిగా చేయాలి. ఒకటి అమోనియా. వెనిగర్‌కు మూడింతలు నీళ్లు కలిపి తడిపితే, అందులోని ఆమ్లం అమోనియాను ఆవిరి కాని లవణంగా మారుస్తుంది. తర్వాత నీళ్లతో కడిగేయాలి. వెనిగర్, వంటసోడా ఒకేసారి కలిపి పోస్తే బుసబుస పొంగుతుంది కానీ, ఒకదాన్నొకటి తినేసి రెండూ పనికిరాకుండా పోతాయి. ఇంకో సంగతి, మన ఇళ్లలో కింద షాబాద్ బండలుంటాయి. అవి సున్నపురాయి. వెనిగర్ పడితే నునుపు పోయి తెల్లమచ్చ మిగులుతుంది. బట్టను బకెట్‌లోకి తీసుకెళ్లి ఈ పని చేయండి.

రెండోది గంధకం. దీన్ని వెనిగర్ ముట్టదు, ఆక్సిజన్ కావాలి. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ పని చేస్తుంది. వాసన కొట్టే థయాల్స్‌ను వాసన లేని పదార్థాలుగా మార్చేస్తుంది. స్కంక్ అనే జంతువు చిమ్మే గంధకపు కంపుకు అమెరికా రసాయన శాస్త్రవేత్త పాల్ క్రెబామ్ 1993లో చెప్పిన మందు ఇదే: లీటరు 3 శాతం పెరాక్సైడ్, పావు కప్పు వంటసోడా, చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్. మన దగ్గర దొరికేది చాలావరకు 6 శాతం ఉంటుంది, సీసా మీద చూసుకుని సమానంగా నీళ్లు కలపాలి. అప్పటికప్పుడు కలిపి వాడి మిగిలింది పారబోయాలి. మూత బిగించి దాస్తే గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. దీంట్లో వెనిగర్ కలపకూడదు. రంగు కూడా పోవచ్చు, అందుకే ముందు ఒక మూలన చుక్క వేసి చూడాలి. తెల్ల పరుపుకు, నూలు జంపఖానాకు బాగుంటుంది. పోచంపల్లి ఇక్కత్ మీద నేనైతే వేయను.

ఎంజైమ్ క్లీనర్లు ఇప్పుడు పెంపుడు జంతువుల సామాను దుకాణాల్లో దొరుకుతున్నాయి. మంచివే, కానీ చాలామంది పైపైన స్ప్రే కొట్టి పని చేయలేదంటారు. మూత్రం పరుపులో నాలుగు వేళ్ల లోతు దిగితే మందు కూడా నాలుగు వేళ్లు దిగాలి. పైన పాలిథిన్ కవర్ కప్పి ఒక రోజంతా తడిగా ఉంచాలి. ఎండితే ఎంజైమ్ ఆగిపోతుంది. ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ ఉన్నవి పట్టు మీద, ఉన్ని మీద వాడకూడదు, ఎందుకంటే పట్టూ ఉన్నీ కూడా ప్రోటీన్లే. గద్వాల చీరకు నూలు భాగం తట్టుకున్నా పట్టు అంచు తట్టుకోదు.

మరక ఎక్కడుందో తెలియకపోతే, నోట్లు పరీక్షించే నీలి లైటు తెచ్చి రాత్రి గదంతా చీకటి చేసి చూడండి. మూత్రం పడ్డచోటు మెరుస్తుంది. ముక్కును మాత్రం నమ్మలేం. అరగంట అదే గదిలో ఉంటే అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్లను అడగాలి.

గొంగడికి పెరాక్సైడ్ వాడితే నల్లరంగు పోతుంది, ఎంజైమ్ వాడితే ఉన్ని పోతుంది, సోడా కూడా ఉన్నికి చెరుపు. మిగిలింది నీళ్లు, ఓపిక. చల్లటి నీళ్లలో రాత్రంతా నానేసి, పొద్దున ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానేశాం. మూడు రోజులు అలాగే. ఫెలినిన్, యూరియా నీళ్లలో కరిగేవే కాబట్టి నీళ్లు మార్చినప్పుడల్లా కొంత పోతుంది. తర్వాత వెనిగర్ నీళ్లు, ఆపై కుంకుడుకాయ రసం. పిండకుండా, రుద్దకుండా నీడలో గాలికి వేశాం. రుద్దితే ఉన్ని పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గొంగడి ముడుచుకుపోతుంది.

వారం తర్వాత వచ్చిన వానకు కొంచెం వాసన వచ్చింది. మళ్లీ మొత్తం మొదటి నుంచి చేశాం.

గండుపిల్లి సంగతి కూడా చూశాం. నిలబడి గోడకు చిమ్మితే అది హద్దు గుర్తు, కూర్చుని పోస్తే అది మూత్రవిసర్జన. చిమ్మే గండుపిల్లికి విత్తు తీయిస్తే పదింట తొమ్మిది మానేస్తాయి. ఫెలినిన్ కూడా తగ్గుతుంది. పశువుల డాక్టర్ దగ్గరికి బుట్టలో తీసుకెళ్లాం. ఇంట్లో పెంచే పిల్లి అలవాటు తప్పి ఎక్కడపడితే అక్కడ పోస్తుంటే మూత్రనాళంలో జబ్బు ఉందేమో చూపించాలి. మగపిల్లి ముక్కుతూ కూర్చుని చుక్క కూడా రాకపోతే ఆ పూటే తీసుకెళ్లాలి, మూత్రం ఆగితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

గొంగడిలోని గంజి అంతా నీళ్లలో పోయి మెత్తబడింది. మా అమ్మ చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించి మళ్లీ పట్టించింది. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. పక్కింటి అవ్వను పిలిచి గొంగడి చేతికిచ్చాం. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, "గొర్రె వాసనే గద బిడ్డా" అంది.