సొంతంగా కట్టుకున్న క్యాంపింగ్ ట్రైలర్‌కు ఏ పెయింటు? అపోహలు - వాస్తవాలు

"బాడీ పూర్తయింది, ఇక ఏ కంపెనీ పెయింటు కొనమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. ఖరీదైన పెయింటు వేస్తే నీళ్లు లోపలికి రావన్న నమ్మకంతోనే ఈ ప్రశ్న వస్తుంది. డబ్బు, శ్రమ రెండూ ఎక్కువగా పోయేది ఈ నమ్మకం వల్లే. అందుకని దీని గురించే వివరంగా చెప్తాను, మిగతావి క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: మంచి పెయింటు వేస్తే ట్రైలర్ వాటర్‌ప్రూఫ్ అయిపోతుంది

వాస్తవం: పై కోటు పని ఎండను ఆపడం, రంగు నిలపడం. నీళ్లు దూరే చోట్లు వేరు. ప్లైవుడ్ అంచులు, స్క్రూ రంధ్రాలు, గోడా రూఫూ కలిసే జాయింటు, కిటికీ ఫ్రేము అడుగు భాగం. ప్రైమరూ పై కోటూ కలిపి పెయింటు పొర మందం 100 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే జిరాక్స్ కాగితమంత. రోడ్డు కుదుపులకు జాయింట్లు కదులుతూనే ఉంటాయి. అక్కడ కింద గట్టి ఆధారం లేకపోతే ఎంత ఖరీదు పొరైనా చిట్లుతుంది.

ప్లైవుడ్ ముఖం మీద నీళ్లు నెమ్మదిగా ఇంకుతాయి. అంచున మాత్రం చెక్క నాళాలు కట్టగా పట్టుకున్న స్ట్రాల మూతుల్లా తెరుచుకుని ఉంటాయి. అక్కడ పీల్చిన నీరు పొరల మధ్య పాకుతుంది. ఎండ తగలగానే ఆవిరై బయటికి రావాలని చూసి, పెయింటును వెనక నుంచి నెడుతుంది. మీకు కనిపించే పొక్కు అదే. దాన్ని చూసి పెయింటు కంపెనీని తిట్టుకుంటారు. తప్పు పెయింటుది కాదు.

"710 గ్రేడ్ మెరైన్ ప్లైవుడ్ వాడాం, ఇంకేం భయం?" అంటారు. ఆ గ్రేడులో జిగురు మరిగే నీళ్లకు కూడా ఊడదు, అది నిజం. కానీ జిగురు మధ్యనున్న చెక్క పొరలు తడికి ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. కొన్నాళ్లకు ముఖం మీద నారల వెంబడి దారంలాంటి సన్నని బీటలు వస్తాయి. ఒట్టి పెయింటు వాటిని ఆపలేదు. బీట పడ్డ చోటల్లా మళ్లీ నీళ్లు దిగుతాయి.

అందుకని పని ఈ వరసలో చెయ్యాలి. పదునుగా ఉన్న మూలలన్నీ కనీసం 3 మి.మీ. గుండ్రంగా వచ్చేలా రుద్దండి. పదునైన మూల మీద ఏ పెయింటైనా పక్కలకు జారి పల్చబడుతుంది, మొదట ఊడేది అక్కడే. తరవాత అంచులకు ఎపాక్సీ రెసిన్ (హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు), థిన్నర్ కలపకుండా. ఇది పొద్దున కాకుండా మధ్యాహ్నం దాటాక వెయ్యండి. పొద్దున చెక్క వేడెక్కుతూ ఉంటే లోపలి గాలి వ్యాకోచించి రెసిన్‌లో బుడగలు లేపుతుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు అదే గాలి కుంచించుకుని రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది. మొదటి కోటు మాయమైపోతుంది. రెండోది అక్కడక్కడ మచ్చలుగా మిగులుతుంది. అంచు మొత్తం ఒకే మెరుపు వచ్చేదాకా, మామూలుగా మూడు కోట్లు పడతాయి.

స్క్రూ రంధ్రాల సంగతి ఇంకా ముఖ్యం. 4 మి.మీ. స్క్రూ అయితే 8 మి.మీ. రంధ్రం చేసి, ఫిల్లర్ పౌడరు కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక 3 మి.మీ. బిట్‌తో మళ్లీ డ్రిల్ చెయ్యండి. అప్పుడు స్క్రూ చుట్టూ చెక్క తగలదు, రేపు స్క్రూ వదులైనా నీళ్లు ప్లైవుడ్‌కు చేరవు.

ముఖం మీద బీటలు రాకుండా 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాములు) నేసిన గ్లాస్ క్లాత్, అంటే గాజు నారల గుడ్డ వేసి ఎపాక్సీతో తడపండి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ట్రైలర్‌కు అడుగు భాగం వదిలేస్తే బయటి వైశాల్యం సుమారు 12 చదరపు మీటర్లు. తడపడానికీ, నేత కనపడకుండా నింపడానికీ కలిపి రెసిన్, హార్డెనర్ 7-8 కిలోలు అవుతాయి. ఫైబర్ షాపులో దొరికే చాప్‌డ్ మ్యాట్ (తరిగిన గాజు నారలను అతికించిన చాప) దీనికి వద్దు. అందులో నారలను పట్టి ఉంచే బైండరు పాలిస్టర్ రెసిన్‌లోని స్టైరీన్‌కు కరిగేలా చేసినది, ఎపాక్సీకి సరిగా తడవదు. పోనీ పాలిస్టరే వాడదామంటే, అది చెక్కను అంత గట్టిగా పట్టుకోదు.

ఎపాక్సీ ఆరాక వేలితో రాసి చూడండి. మైనంలా జిడ్డుగా తగిలితే అది గాలి తేమకు పైకి తేలిన పొర. థిన్నర్‌తో తుడిస్తే పోదు, ముందే ఎమరీ కొడితే లోపలికి రుద్దుకుపోతుంది. మామూలు నీళ్లూ స్కాచ్‌బ్రైట్ పీచూ పట్టుకుని కడగాలి, ఆ తరవాతే 120 గ్రిట్ ఎమరీ. ఈ ఒక్క కడుగు మానేసినందుకు మొత్తం పెయింటు షీట్లు షీట్లుగా ఊడొచ్చిన బాడీలు ఉన్నాయి. అలాగని ఎపాక్సీతోనే ఆపెయ్యకండి. ఎండకు అది పసుపెక్కి, సుద్దలా పొడి రాలుతుంది. పైన పెయింటు ఉండాల్సిందే.

గోడల లప్పం, సుద్దపొడి లప్పం ట్రైలర్ దగ్గరికి రానివ్వకండి. రెండూ తడి పీలుస్తాయి. గుంటలు పూడ్చాలంటే ఎపాక్సీ పుట్టీ ఒక్కటే.

అపోహ: ఏ లోహానికైనా రెడ్ ఆక్సైడ్ కొట్టి ఎనామిల్ వేస్తే చాలు

వాస్తవం: ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఫ్రేముకు అది నడుస్తుంది. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) షీటుకు అసలు నడవదు. ఎనామిల్లోని నూనె జింకుతో చర్య జరిపి మధ్యలో సబ్బులాంటి పొర కడుతుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక గోటితో లాగితే పెయింటు పెచ్చులుగా లేస్తుంది, కింద షీటు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. జీఐకి, అల్యూమినియానికి రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరే వేసుకోవాలి. ముందు డిటర్జెంట్‌తో కడిగి, 240 గ్రిట్‌తో మెరుపు చంపి, నీళ్లు పోసి చూడండి. నీరు ఒకే పలకలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు. అల్యూమినియం రుద్దిన రోజే ప్రైమర్ పడాలి, ఆలస్యమైతే మళ్లీ ఆక్సైడ్ కడుతుంది. అల్యూమినియం షీటు ఎం.ఎస్. ఫ్రేముకు నేరుగా ఆనకుండా మధ్యన బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు టేపు) పెట్టండి. లేకపోతే తడి చేరినప్పుడు రెండు లోహాల మధ్య కరెంటు పారి అల్యూమినియం తినేస్తుంది, అక్కడే పొక్కులొస్తాయి.

అపోహ: ఇళ్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ బండికి పనికిరాదు

వాస్తవం: ప్లైవుడ్ బాడీకి పనికొస్తుంది. గ్లాస్ క్లాత్ వేసే స్థోమత లేకపోతే సింథటిక్ ఎనామిల్ కన్నా అదే నయం. ఎనామిల్ పాతబడేకొద్దీ పెళుసెక్కి చెక్క కదలికకు పగులుతుంది. మంచి అక్రిలిక్ ఎమల్షన్ సాగుతుంది, లోపలి ఆవిరిని కొంత వదులుతుంది. లోపాలూ ఉన్నాయి. దుమ్ము పట్టుకుంటుంది, చక్రాలు ఎగరేసిన కంకరకు గీతలు పడుతుంది, తలుపు రబ్బరు బీడింగుకు అతుక్కుని పీకుతుంది. తలుపు చుట్టూ, ముందు భాగానికి మాత్రం గట్టి పెయింటు వేసుకోండి.

అపోహ: టూ-కే పీయూ ఇంటి దగ్గరే స్ప్రే చేసుకోవచ్చు, మాస్కు ఉంటే చాలు

వాస్తవం: టూ-కే పీయూ అంటే వాడేముందు హార్డెనర్ కలిపే రెండు డబ్బాల పాలీయురిథేన్ పెయింటు. పై కోటుగా మన ఎండకు పీయూనే అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది, సందేహం లేదు. కానీ దాని హార్డెనర్లో ఐసోసయనేట్ ఉంటుంది. తుంపరగా పీలిస్తే శాశ్వతంగా ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. ప్రమాదకర స్థాయికి చేరినా ముక్కుకు వాసన తెలియదు, అందుకే ఫిల్టరు అరిగిన సంగతీ తెలియదు. స్ప్రే చెయ్యాలంటే బయటి నుంచి గాలి పంపే మాస్కు కావాలి. అది లేకపోతే పెయింటు బూత్ ఉన్న షెడ్డుకు ఇవ్వండి. లేదంటే ఆరుబయట నీడలో ఫోమ్ రోలర్‌తో పల్చగా వేస్తూ, వెంటనే మెత్తటి బ్రష్ కొసతో సాపు చెయ్యండి. గ్లవ్స్, ఆర్గానిక్ వేపర్ మాస్కు (రసాయన ఆవిర్లను ఆపే ఫిల్టరు మాస్కు) అప్పుడూ తప్పవు.

ఎంత కొనాలో లెక్క ఇలా కట్టండి. డబ్బా మీదున్న ఘనపదార్థ శాతాన్ని (బరువు ప్రకారం కాదు, ఘనపరిమాణం ప్రకారం ఉన్నదాన్ని) పదితో గుణించి, కావలసిన మైక్రాన్లతో భాగిస్తే లీటరుకు ఎన్ని చదరపు మీటర్లో వస్తుంది. 50 శాతం, 50 మైక్రాన్లు అయితే 10. పావు వంతు వృథా తీసెయ్యండి. పై కొలతల ట్రైలర్‌కు ప్రైమర్ సుమారు 1.6 లీటర్లు, పీయూ కూడా అంతే పడుతుంది. హార్డెనర్ నిష్పత్తి డబ్బా మీద ఉన్నదే పాటించండి. చేతి అంచనా పనికిరాదు. ప్రైమర్ 320 గ్రిట్‌తో రుద్దాకే పై కోటు.

మిగతావి త్వరగా:

ముదురు రంగు బాగుంటుందన్న మాట ఫొటోల వరకే. ఎండాకాలం మధ్యాహ్నం నల్లటి షీటు 70 డిగ్రీలు దాటుతుంది. గది ఉష్ణోగ్రతలో ఆరే ఎపాక్సీ చాలావరకు 50-60 డిగ్రీలకే మెత్తబడుతుంది, కింది గ్లాస్ క్లాత్ నేత పైకి అచ్చు పడుతుంది. తెలుపు, లేత గోధుమ, లేత బూడిద రంగులే క్షేమం.

సిలికాన్ సీలెంట్ మీద ఏ పెయింటూ నిలవదు. దాని జిడ్డు తగిలిన చోటల్లా పెయింటు గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. జాయింట్లకు పీయూ సీలెంటే వాడండి.

వానాకాలంలో షెడ్డులో పెయింటు వేస్తే ఏం కాదనుకోకండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆపెయ్యాలి. ఉపరితలం మంచు బిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మనకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం, పొద్దున పదింటికి మొదలుపెట్టి మూడింటికి ముగించండి. ఆలస్యమైతే ఆరని పీయూ మీద మంచు పడి మెరుపు చచ్చిపోతుంది.

ఇప్పటికే వేసేసి పొక్కులు చూసి దిగులుపడుతున్నవాళ్లు మొత్తం గీకెయ్యనక్కర్లేదు. ఒక పొక్కును బ్లేడుతో కోసి, లేచిన పెచ్చు వెనక చూడండి. చెక్క నారలు అంటుకుని, కింద నల్లగా తడిగా ఉంటే నీళ్లు దగ్గర్లోని అంచు నుంచో స్క్రూ నుంచో వస్తున్నాయి. ముందు ఆ దారి వెతికి మూసి, చెక్క పూర్తిగా ఎండేదాకా ఆగండి, మెత్తబడ్డ ముక్క ఉంటే కోసి కొత్తది అతికించండి. పెచ్చు వెనక నున్నగా, కింద పొడిగా ఉంటే అది పట్టు లోపం. అలాంటప్పుడు పక్కనే గట్టిగా కనిపించే చోట బ్లేడుతో 2 మి.మీ. ఎడంగా ఆరు నిలువు, ఆరు అడ్డం గీతలు గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. గళ్లు ఊడకపోతే ఆ భాగాన్ని అలాగే ఉంచి, ఊడిన మేర మాత్రం రుద్ది ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి.