మానసిక వైద్యంలో మందులు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో సైకియాట్రిస్టుగా నేను చూసే తెలుగువాళ్లలో మారతహళ్లి ఐటీ ఉద్యోగులూ ఉంటారు, హిందూపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చినవాళ్లూ ఉంటారు. చాలామంది అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, మెదడులో కెమికల్ ఎంత తగ్గిందో టెస్ట్ రాయండి."

అపోహ: డిప్రెషన్ అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం. మాత్ర దాన్ని నింపుతుంది.

వాస్తవం: అలాంటి టెస్ట్ లేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. రక్తంలో ఉన్నది మెదడులోకి వెళ్లదు. అసలు ఈ "తగ్గింది" అనే ఊహ మందుల్ని చూశాక పుట్టింది. 1950ల్లో క్షయకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్‌తో రోగులు హుషారుగా మారారు. బీపీకి వాడిన రిసర్పిన్, అంటే మన సర్పగంధ వేరులోని మందు, కొందరిని దిగులులోకి నెట్టిందని డాక్టర్లు రాశారు. మొదటిది మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాలను పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. ఈ రెండూ చూసి సిద్ధాంతం కట్టారు. 2022లో వచ్చిన ఒక పెద్ద సమీక్షకు, సెరటోనిన్ తక్కువవడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం దొరకలేదు. తేలిగ్గా అర్థమవుతుందని మా డాక్టర్లే ఇంకా ఆ మాట చెబుతుంటారు. చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. "నింపుతున్నాం" అని విన్న మనిషి నెలకే "నిండింది కదా" అని మాత్ర ఆపేస్తాడు, లేదా జన్మంతా నింపుతూనే ఉండాలా అని కుంగిపోతాడు.

అపోహ: అయితే మందులు దండగే.

వాస్తవం: కాదు. లిథియం తక్కువై ఎవరికీ బైపోలార్ (మనసు ఒకసారి మితిమీరిన హుషారుకు, ఒకసారి దిగులుకు ఊగే జబ్బు) రాదు. అయినా 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ మేనియాకు, అంటే ఆ హుషారు దశకు, వాడి చూపిన ఆ మందు, జబ్బు తిరగబెట్టకుండా ఈనాటికీ కాపాడుతోంది. రక్తపరీక్ష నిజంగా కావాల్సింది ఇలాంటి మందుకు. మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. అందులో లిథియం లీటరుకు 1.5 మిల్లీమోల్ దాటితే ప్రమాదం. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, ఒళ్లు నొప్పులకని ఇబుప్రోఫెన్ వేసుకున్నా ఆ అంకె పెరగొచ్చు. మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడిగేటప్పుడు లిథియం వాడుతున్నామని తప్పకుండా చెప్పండి.

డిప్రెషన్ మాత్రలు సెరటోనిన్ మీద గంటల్లోనే పనిచేస్తాయి, కానీ మనసు తేలికపడటానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు పడుతుంది. పాతికేళ్లలోపు పిల్లల్ని ఆ మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. అశాంతి, చావు ఆలోచనలు పెరిగితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

అపోహ: అన్నీ అలవాటైపోతాయి.

వాస్తవం: ఆందోళనకు ఇచ్చే ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం లాంటివి అవుతాయి. డిప్రెషన్ మాత్రలకు ఆ యావ ఉండదు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో షాక్ కొట్టినట్టవడం ఉండొచ్చు, అందుకే మెల్లగా తగ్గిస్తాం. అదీ బాగయ్యాక కనీసం 6 నెలలు వాడాకే.

అపోహ: అమ్మాయికి పెళ్లి కుదిరింది, ఇక మాత్రలు ఆపేయాలి.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నిద్రలేని పెళ్లి రాత్రులకు మాత్రలు ఆపడం తోడైతే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. బైపోలార్‌కు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుందన్నది మాత్రం నిజం. దానికి బదులు వేరే మందుకు మారొచ్చు, కానీ మార్చడానికి వారాలు, నెలలు పడుతుంది. సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడే మాకు చెప్పండి. రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.