పానిక్ అటాక్: ఈసీజీ నార్మల్ అని వచ్చాక

పానిక్ అటాక్ అంటే ఉన్నట్టుండి దడ, చెమట, ఆయాసంతో ముంచుకొచ్చే తీవ్రమైన భయం. అది వచ్చేవాళ్ళు నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి రావడం తక్కువ. గుండె డాక్టరు, గ్యాస్ మాత్రలు, థైరాయిడ్ పరీక్ష, ఊళ్ళో ఓ సెలైను, ఇంట్లో దిష్టి తీయడం అన్నీ అయ్యాక వస్తారు. వెంట ఓ లావుపాటి ఫైలు, దాని నిండా నార్మల్ అని రాసిన ఈసీజీలు. అది తిరగేస్తుంటే నాకు వినపడే మాటలు ఇవి.

అపోహ: రిపోర్టులన్నీ బాగున్నాయి కాబట్టి ఇదంతా ఊహే.

దడ, చెమట, ఆయాసం అన్నీ నిజమే. భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోను ఎక్కువైతే ఎవరికైనా అవే వస్తాయి. తేడా అంతా వాటికి మనం చెప్పుకునే అర్థంలో ఉంది. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే 'ఇక అయిపోయాను' అనిపిస్తుంది, ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది, పెరిగిన దడ భయాన్ని రుజువు చేసినట్టు కనిపిస్తుంది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు ఈ వలయాన్ని వివరించారు. ఇప్పుడు మేం చేసే చికిత్సకు అదే పునాది.

ఇంట్లోవాళ్ళను ఎక్కువగా హడలెత్తించేది చేతులు కొంకర్లు పోవడం. మూతి చుట్టూ తిమ్మిరి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతుంది. పక్షవాతం అనుకుంటారు, ఫిట్స్ అనుకుని తాళంచెవులు పెడతారు. గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా జరుగుతుంది. ఊపిరి నెమ్మదిస్తే వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి.

అయితే మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే ఈ వ్యాసం గుర్తు చేసుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు. నలభై దాటినవాళ్ళు, షుగరు, బీపీ, పొగ అలవాటు ఉన్నవాళ్ళు మరీ. నడిస్తే పెరిగే నొప్పి, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి. పానిక్ అన్న పేరు గుండెను పరీక్షించాకే పెట్టాలి.

అపోహ: కళ్ళు తిరిగి నడిరోడ్డు మీద పడిపోతాను.

స్పృహ తప్పాలంటే సాధారణంగా బీపీ పడిపోవాలి. పానిక్‌లో అది పెరుగుతుంది. తూలుతున్నట్టు అనిపించడం వేరు, పడిపోవడం వేరు.

అపోహ: కవరులో ఊపిరి తీస్తే తగ్గిపోతుంది.

ఈ పాత చిట్కా వదిలేయండి. అది నిజంగా ఆస్తమానో గుండె జబ్బో అయితే ప్రాణం మీదికి వస్తుంది. దాని బదులు ఊపిరి వదలడాన్ని సాగదీయండి: నాలుగు అంకెలు లెక్కిస్తూ పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలండి. ఉన్నచోటే ఉండండి. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆపైన దిగడం మొదలవుతుంది. పక్కనున్నవాళ్ళు గుమిగూడి 'ఏమైంది, ఏమైంది' అనకుండా ఒక్కరే నిదానంగా మాట్లాడితే చాలు.

అపోహ: జాగ్రత్తగా ఉంటే మళ్ళీ రాదు.

నా లెక్కలో అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. బస్సులో వచ్చిందని బస్సు మానేస్తారు, తర్వాత సినిమా హాలు, పెళ్ళిళ్ళు, చివరికి ఒంటరిగా కిరాణా కొట్టు కూడా. జేబులో మాత్ర ఉంటేనే గడప దాటుతారు. ఆ స్ట్రిప్ గడువు తీరి ఏడాదైనా సరే! అటాక్ తగ్గిన ప్రతిసారీ గొప్ప ఆ మాత్రకో, తోడు వచ్చిన తమ్ముడికో పోతుంది. తనంతట తానే తగ్గుతుందని తెలుసుకునే అవకాశమే రాదు. అందుకే చికిత్సలో మేం ఆ భయానికి ఎదురు నడిపిస్తాం. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ లాంటివి లేవని తేల్చుకున్నాక మెట్లు ఎక్కిస్తాం, కుర్చీలో గుండ్రంగా తిప్పుతాం, మా ఎదుటే వేగంగా ఊపిరి తీయమంటాం. తాను భయపడే దడను కావాలని తెప్పించుకుని, అది పోయేదాకా కూర్చున్న మనిషి ముఖంలో ఆశ్చర్యం చూడాలి.

అపోహ: మానసిక వైద్యుల మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి.

అలవాటు పడే ప్రమాదం ఆల్‌ప్రజోలామ్ లాంటి, గాభరాను అప్పటికప్పుడు తగ్గించే మాత్రలతో. విచిత్రమేమిటంటే ఈ భయం చెప్పేవాళ్ళలో కొందరు అదే మాత్రను చీటీ లేకుండా కొనుక్కుని మింగుతుంటారు. మేం ఎక్కువగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వేరే రకం, డిప్రెషన్‌కు కూడా వాడే మందులు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలో గాభరా కాస్త పెరగవచ్చు కూడా. ఆ మాట ముందే చెప్పకపోతే మూడో రోజుకే ఆపేస్తారు. నయమయ్యాక ఇంకొన్ని నెలలు వాడించి, డోసు మెల్లగా తగ్గిస్తూ ఆపుతాం. ఎవరికి వారు ఒక్కసారిగా మానేయకూడదు.

దగ్గర్లో సైకియాట్రిస్టు లేకపోతే టెలి-మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.