తాళం వేసిన ఇల్లూ నమూనాలోదే: సర్వేలపై అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని గజపతి జిల్లాలో కుటుంబ సర్వేలకు నమూనా (అందరి తరఫున అడగడానికి ఎంచుకునే కొద్ది కుటుంబాలు) రూపొందించేవారికి, సర్వే చేయించుకునేవారి నుంచీ చేసేవారి నుంచీ ఈ మాటలు తరచూ వినబడుతుంటాయి.

అపోహ: ఎంత ఎక్కువ మందిని అడిగితే అంత మంచిది, కనీసం జనాభాలో పది శాతమైనా ఉండాలి.

వాస్తవం: జనాభాతో పోలిస్తే నమూనా చిన్నదైనప్పుడు కచ్చితత్వం నమూనాలోని సంఖ్యను బట్టే ఉంటుంది. సరళ యాదృచ్ఛిక పద్ధతిలో, అంటే అందరి పేర్లతో చీటీలు తీసినట్టు, 1,000 మందిని ఎంచుకుంటే, అది ఒక్క జిల్లాకైనా ఒడిశా అంతటికైనా, 95 శాతం విశ్వాస స్థాయిలో (ఇలాంటి నమూనాలు వంద తీస్తే దాదాపు 95 సార్లు) ఫలితం అసలు విలువకు సుమారు 3 శాతం లోపు అటూ ఇటూగా ఉంటుంది. ఎంపికే వంకరైతే సంఖ్య ఆదుకోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలపై లిటరరీ డైజెస్ట్ పత్రిక చేసిన సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చినా, లాండన్ గెలుస్తాడన్న దాని అంచనా తప్పి రూజ్‌వెల్ట్ గెలిచాడు.

అపోహ: ఎదురైనవారిని అడగడమే యాదృచ్ఛికం.

వాస్తవం: సంతలో ఎదురైనవారు సంతకు రాగలిగినవారు మాత్రమే. ప్రతి కుటుంబానికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి, అందుకు జాబితా కావాలి. కాశీనగరం వైపు మైదాన గ్రామాలనూ గుమ్మ వైపు కొండ గ్రామాలనూ వేర్వేరు స్తరాలుగా (విడిగా నమూనా తీసే వర్గాలుగా) విభజించకపోతే, చీటీల అదృష్టం కొద్దీ సవర గూడేలు దాదాపుగా తప్పిపోవచ్చు.

అపోహ: ఇంటికి తాళం ఉంటే పక్కింటివారిని అడిగితే సరిపోతుంది.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే సంఖ్య నిండిపోవడంతో లోపం పైకి కనబడదు. పగటిపూట తాళం పడే ఇంట్లో అందరూ కూలికి వెళ్లి ఉండవచ్చు, లేదా గంజాం నుంచి ఎందరో వెళ్లినట్టు సూరత్ మరమగ్గాలకు కుటుంబమంతా తరలి ఉండవచ్చు. తలుపు తీసే పక్కింటి ముసలాయన ఆదాయం, అప్పు, ఆహారం వారివాటిలా ఉండవు. అందుకే ఇంటి నంబరు పక్కన ‘తాళం, సాయంత్రం మళ్లీ’ అని రాసి, పొద్దు గూకాక ఒకసారి, మరో రోజు ఇంకోసారి వెళ్లాలి. అప్పటికీ దొరకకపోతే జవాబు రానిదిగానే నమోదు చేసి, అలాంటి ఇళ్లెన్నో నివేదికలో చెప్పాలి. బదులు ఇల్లు తప్పనిసరైతే, దాన్ని ముందే తీసిన అదనపు జాబితా నుంచి పర్యవేక్షకుడే ఇవ్వాలి. (సర్వేకు వెళ్లే కుర్రాళ్లు విసుక్కుంటారు, నిజమే.)

అపోహ: 400 కుటుంబాలంటే 400 కుటుంబాలే, ఎన్ని ఊళ్లలో అడిగామన్నది ముఖ్యం కాదు.

వాస్తవం: ఒకే ఊరివారికి వానా ఒకటే, బడీ ఒకటే, కాబట్టి జవాబులూ కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలికను కొలిచే సహసంబంధం (0 అంటే పోలిక లేదు, 1 అంటే ఊరంతా ఒకే జవాబు) 0.05 మాత్రమే ఉన్నా, ఊరికి 20 చొప్పున 20 ఊళ్లలో అడిగిన 400 కుటుంబాలు కచ్చితత్వంలో విడివిడిగా ఎంచిన 205 కుటుంబాలతో సమానం. ఊరికి 10 చొప్పున 40 ఊళ్లకు వెళితే ఆ సంఖ్య 275 దాటుతుంది. జీపు ఖర్చు పెరుగుతుంది గనుక బడ్జెట్ వేసేనాడే తేల్చుకోవలసిన విషయమిది.