బంగారం దిగాక మిగిలే నీళ్లు

పాత సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పని కొలిమిలో కరిగించే పెద్ద స్మెల్టర్ల చేతుల్లో ఉండాలా, ఆమ్లపు తొట్లలో కరిగించే చిన్న యూనిట్ల చేతుల్లో ఉండాలా అన్న తగవు మళ్లీ రాజుకుంది. ప్రమాదకర వ్యర్థాలు సరిహద్దులు దాటడాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, బాజెల్ ఒప్పందానికి చేసిన సవరణ ప్రకారం 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనవైనా కాకపోయినా ఎలక్ట్రానిక్ వ్యర్థాలన్నిటికీ ఒకటే నిబంధన: తీసుకునే దేశం ముందుగా ఒప్పుకుంటేనే అవి సరిహద్దు దాటాలి. అనుమతులకు నెలలు పడుతుందని, ఈలోగా సరుకు ఆమ్లపు తొట్ల పాలవుతుందని పెద్ద స్మెల్టర్ల పక్షాన మాట్లాడేవారి వాదన.

ఈ తగవుకు మూలం 2002 ఫిబ్రవరిలో ఉంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో గుయ్యూ అనే ఊరి పరిస్థితిని బాజెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద సంస్థ అప్పుడే బయటపెట్టింది. బొగ్గు పొయ్యిల మీద బోర్డులు కాల్చి చిప్పులు ఊడదీసే ఆడవాళ్లు, నది ఒడ్డున పొగలు కక్కే ఆమ్లపు తొట్లు ఫొటోల్లో ప్రపంచం కళ్లబడ్డాయి. 2007లో వెలువడిన పరీక్షల్లో ఆ ఊరి చిన్నపిల్లల్లో ఎక్కువమంది రక్తంలో సీసం హద్దు దాటిందని తేలింది. ఆమ్లమంటే మురికి, కొలిమి అంటే శుభ్రం అన్న లెక్క అప్పుడే స్థిరపడిపోయింది.

తొట్టిలో జరిగేది చూస్తే ఆ లెక్క అంత తేలిగ్గా కుదరదు. బోర్డు బరువులో దాదాపు ఐదో వంతు రాగి. బంగారం టన్నుకు కొన్ని వందల గ్రాములు మించదు, అదీ పలచటి పూతగా. ఒక పాలు నత్రికామ్లం, మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రవరాజం బంగారాన్ని ఏరుకుని కరిగించదు. దారిలో రాగి అడ్డొస్తే ముందు దాన్నే తింటుంది. గోధుమరంగు వాయువు ఎగసి గొంతు పట్టేస్తుంది. వడకట్టిన ద్రావణంలో సోడియం మెటాబైసల్ఫైట్ అనే లవణం వేస్తే అడుగున గోధుమరంగు పొడిగా బంగారం దిగుతుంది. చూస్తే బురదే, కరగబోస్తేనే పసుపు. పైన తేలిన ఆకుపచ్చ నీటిలో రాగి, నికెల్, తగరం, సీసం ఉంటాయి. వాటిని విడదీయాలంటే మరో నాలుగు తొట్లు, ఆ ఖర్చు భరించే నాథుడు కావాలి. గుయ్యూలో ఆ నాథుడు లేడు. నీళ్లు లియాంజియాంగ్ నదిలోకి పోయాయి. 2015లో ఆ పనివాళ్లను వ్యర్థజలాల శుద్ధి ఉన్న పారిశ్రామిక పార్కులోకి తరలించారు. ఈ సంగతి ఫొటోలంతగా ప్రచారం కాలేదు.

కొలిమిలో రాగి బంగారాన్ని తనతో మోసుకుపోతుంది. విద్యుత్తుతో రాగిని శుద్ధి చేశాక ఆనోడ్ (ధన ధ్రువంగా పెట్టిన రాగి పలక) కింద పేరుకున్న బురదలోంచి బంగారం తీయడానికి అక్కడా చివరికి ఆమ్లాలే, క్లోరినే దిక్కు. బెల్జియంలో ఆంట్‌వెర్ప్ శివారు హోబోకెన్‌లో ఉన్న యూమికోర్ కర్మాగారం ఈ రంగంలో పెద్దది. దాన్ని ఆనుకున్న పేటలో పిల్లల రక్తంలో సీసం పెరిగినట్టు 2020లో తేలింది. పక్కనున్న ఇళ్లు కొని అక్కడ పచ్చదనం పెంచుతామని కంపెనీయే ముందుకొచ్చింది.

ఇప్పుడు ఆమ్లానికి మళ్లీ గౌరవం వచ్చింది. బ్రిటన్ నాణేల ముద్రణ సంస్థ రాయల్ మింట్ 2024లో వేల్స్‌లో ఒక కర్మాగారం తెరిచింది. ఏటా 4,000 టన్నుల వరకు బోర్డులు శుద్ధి చేసేలా కట్టారు. కొలిమి వేడి అక్కర్లేని ద్రావణం నిమిషాల్లో బంగారాన్ని ఎంచి కరిగిస్తుందని చెబుతున్నారు. ఊరి పేరు మారితే అదే పనికి హరిత రసాయనం అని పేరు వచ్చిందని చిన్న యూనిట్లవాళ్లు నొచ్చుకుంటే తప్పుపట్టలేం. అయితే రాయల్ మింట్‌లో మిగిలిన నీళ్లకు లెక్క అడిగేవాళ్లున్నారు. ఆ తేడా చిన్నది కాదు.

2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైనవి 22.3 శాతమే. సరిహద్దు దాటే సరుకుతో వెళ్లే అనుమతి పత్రంలో, దాన్ని ఏం చేస్తారో తెలిపే గడి ఒకటి ఉంటుంది. లోహాలు తీయడానికి అక్కడ రాసే గుర్తు ఆర్4. కొలిమికీ అదే, తొట్టికీ అదే.