ప్రవక్త అంటే సోదె చెప్పేవాడు కాదమ్మా

ఆరాధన అయ్యాక చెప్పులేసుకునే చోట నన్ను ఆపేవాళ్లు ప్రతి వారం ఉంటారు. పోయిన ఆదివారం ఒకావిడ మడతపెట్టిన చీటీ చేతిలో పెట్టింది. కొడుకు పేరు, పుట్టిన తేదీ. "అయ్యగారూ, వీసా ఎప్పుడొస్తుందో ప్రభువునడిగి చెప్పండి." ఇరవై ఏళ్లుగా పాత నిబంధన పాఠాలు చెబుతున్నా, ఈ చీటీలు ఆగలేదు. ఆవిడ మీద కోపం లేదు. అలా అలవాటు చేసినవాళ్ల మీదే.

అపోహ: మన భవిష్యత్తు చెప్పడమే ప్రవక్త పని.

వాస్తవం: జరగబోయేది వాళ్లు చెప్పారు, కాదనను. కానీ ఎక్కువగా చెప్పింది ఒక జనానికి, ఒక రాజుకి. అదీ దేవునితో చేసుకున్న నిబంధన మీరితే ఏం ముంచుకొస్తుందో. ఆమోసు దొంగ తూకాల గురించి అరిచాడు, యెషయా విధవరాలి వ్యాజ్యం గురించి. డబ్బు పుచ్చుకుని చెప్పే ప్రవక్తల పనిని మన తెలుగు బైబిలే మీకా 3లో 'సోదె' అంది, ఆ మాట నాది కాదు. "మరి సౌలు తప్పిపోయిన గాడిదల కోసం సమూయేలు ప్రవక్త దగ్గరికి పోలేదా?" అంటారు. పోయాడు. గాడిదలు దొరికాయిలే అని ఒక్క ముక్కలో తేల్చేసి సమూయేలు రాజ్యం సంగతికి వచ్చేశాడు.

అపోహ: యిర్మీయా 29:11 (మీకు హాని కాదు, సమాధానమే ఉద్దేశించానన్న దేవుని మాట) నాకొచ్చిన వాగ్దానం, ఈ ఏడే నెరవేరుతుంది.

దీనివల్ల పాడైనన్ని ఇళ్లు ఇంకదేనివల్లా పాడవలేదు. డిసెంబర్ 31 రాత్రి ఆ వచనం అచ్చేసిన వాగ్దానం కార్డు చేతికొస్తే చాలు, సంబంధాలు ఆపేస్తారు, ఆపరేషన్ వాయిదా వేస్తారు. నాయనా, అది ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు, యూదా రాజు యెకొన్యాను, అతనితోపాటు చాలామందిని బబులోనుకు చెరపట్టుకుపోయాడు. ఆ ఉత్తరం యిర్మీయా వాళ్లకు రాసింది. ఒక్క వచనం పైకి వెళ్లి చదవండి: 70 ఏళ్లు. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే మట్టయిపోతారని అర్థం. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు.

దానికి ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారన్నాడు. యిర్మీయా "ఆమేన్, అలాగే జరగాలి" అని, శాంతిని ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే తెలుస్తుందని చెప్పాడు. అప్పుడు హనన్యా, బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని జనం ముందే విరగ్గొట్టాడు. యిర్మీయా తన దారిన వెళ్లిపోయాడు. ఇనుప కాడి వస్తుందన్న వాక్కు తర్వాత వచ్చింది. ఆ రోజు చప్పట్లు ఎవరికి పడి ఉంటాయో మీరే ఊహించుకోండి.

మిగతావి గబగబా. చిన్న ప్రవక్తలంటే స్థాయి తక్కువని కాదు, గ్రంథాలు చిన్నవి. ఓబద్యాలో 21 వచనాలే. మగవాళ్లే ప్రవక్తలా? యోషీయా రాజు మనుషులు ధర్మశాస్త్రం సంగతి అడగడానికి హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికే వెళ్లారు. అడగ్గానే జవాబొస్తుందా? యిర్మీయా 42లో పది రోజులు పట్టింది. చెప్పింది జరిగి తీరుతుందా? నీనెవెకు 40 రోజులన్నాడు యోనా. ఊరంతా మారుమనస్సు పొందింది, దేవుడు ఆగాడు. అదే కదా యోనా అలక.

నా సంగతీ చెప్తాను. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఒక కూటంలో ఒకాయన నా తల మీద చెయ్యిపెట్టి, ఆరు నెలల్లో విమానం ఎక్కుతానన్నాడు. మా నాన్న ఏజెంటుకు కట్టడానికి కాలువ కింది అర ఎకరం అమ్మేశాడు. విమానమూ లేదు, ఏజెంటూ లేడు. తర్వాత బైబిల్ కాలేజీలో యిర్మీయా 32 చదువుతుంటే చెయ్యి ఆగిపోయింది. యెరూషలేము ముట్టడిలో ఉంది, యిర్మీయా చెరసాలలో. శత్రువు చేతికి పోబోతున్న అనాతోతు పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. దస్తావేజులు మట్టికుండలో భద్రం చేయించాడు. ఆయన కొన్నాడు, మేం అమ్ముకున్నాం. ఊరెళ్లినప్పుడల్లా బస్సు ఆ కాలువ గట్టు మీదుగానే పోతుంది.

ఆవిడ చీటీ ఇంకా నా బైబిల్లోనే ఉంది. అబ్బాయి పేరు పెట్టి ప్రార్థన చేశాను. తేదీ మాత్రం చెప్పలేదు.